దుబాయ్ ఫ్రీలాన్స్ పర్మిట్: నన్ను ఆపింది ఇంటిపేరే

పర్మిట్ వస్తే పనైపోయినట్టే అనుకున్నా. అది పని చేసుకోవడానికే. ఉండటానికి రెసిడెన్స్ వీసా వేరే తీసుకోవాలట. అసలు నా బండి ఆగింది అంతకంటే ముందే, పర్మిట్ అప్లికేషన్‌లో పెట్టిన డిగ్రీ దగ్గర. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మనవాళ్లలో చాలామందికి ఉండే తంటానే! ఏజెంటేమో "పర్లేదు సార్" అని ఫీజు కట్టించుకున్నాడు. అప్లికేషన్ తిరిగొచ్చింది.

రెండు పేర్లూ నావేనని నోటరీ అఫిడవిట్ రాయించా. డిగ్రీకి మన రాష్ట్రం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ అటెస్టేషన్లు (అసలైనదేనని వేసే ముద్రలు) వరసగా చేయించి, దుబాయ్ వచ్చాక అక్కడి విదేశాంగ శాఖతో మరొకటి వేయించా. అప్పుడు కదిలింది ఫైలు. ఆ తర్వాత రెసిడెన్స్ వీసా కోసం ఎంట్రీ పర్మిట్, మెడికల్ టెస్టు, ఎమిరేట్స్ ఐడీకి (అక్కడి గుర్తింపు కార్డు) వేలిముద్రలు చకచకా అయిపోయాయి. ఏజెంటు ఫీజు మాత్రం తిరిగి రాలేదు.