ఎదిగిన బిడ్డతో ఈ మాట ఎలా ఎత్తాలి

పరకాల దగ్గర ఒక ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. కలయిక, గర్భం గురించి ఎదిగిన బిడ్డకు ఎలా చెప్పాలి? తల్లులు నన్ను చాటుగా అడిగేది ఎక్కువగా ఇదే.

ఎదురుగా కూర్చోబెట్టి మొదలుపెట్టకండి, పిల్ల బిగుసుకుపోతుంది. మా బిడ్డతో నేను దసరా సెలవుల్లో పత్తి ఏరుతూ మాట్లాడాను. చేతులు పనిలో ఉంటే మొహాలు చూసుకోవాల్సిన ఇబ్బంది ఉండదు. మొదటి మాట సీరియల్ నుంచే ఎత్తాను: "నాడి పట్టుకొని కడుపని చెప్పేస్తడు ఆ డాక్టరు, నిజంగ అట్లనే తెలుస్తదా బిడ్డా?" నవ్వింది. ఇక దారి దొరికింది. నెల తప్పాక మూత్ర పరీక్షతో తెలుస్తుందని, ఒక్కసారి కలిసినా గర్భం రావచ్చని, మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చని చెప్పాను. బొప్పాయి తింటే కడుపు పోతుందని రీల్స్‌లో చూసిందట! అది నమ్మొద్దని చెప్పడంతోనే ఆ పూటంతా గడిచింది.

మగపిల్లలకూ చెప్పండి. ఇది దాటేస్తే నాకు ఒళ్లు మండుతుంది. 18 నిండని అమ్మాయి సరేనన్నా, ఆమెతో కలవడం 2012 నాటి పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే) చట్టం ప్రకారం నేరమే.

ఇప్పటికే నెల తప్పిందా? కొట్టకండి. హడావిడిగా పెళ్లి చేయకండి, మందుల షాపులో మాత్రలు కొనకండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మైనర్లకు 24 వారాల దాకా గర్భస్రావానికి చట్టం ఒప్పుకుంటుంది, 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. ఎవరైనా బలవంతం చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. మా బిడ్డ ఆ నంబరు నోటుబుక్కు అట్ట లోపల రాసుకుంది.