ఏకపాత్రలో డైలాగు ఒకేచోట తెగిపోతుంటే: నా అనుభవం

ఇంట్లో గడగడా వచ్చే డైలాగు స్టేజీ ఎక్కాక సగంలో తెగిపోయేది, అదీ ఎప్పుడూ ఒకేచోట. మళ్లీమళ్లీ వల్లించడం, రికార్డు చేసుకుని వినడం, అద్దం ముందు చెప్పడం ఏవీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇది. ముందు స్క్రిప్టులో ఆలోచన మలుపు తిరిగే ప్రతిచోటా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టాను. పక్కనే, ఎదుట ఉన్నట్టు ఊహించుకునే పాత్రను ఏం చేయాలనుకుంటున్నానో ఒక్క క్రియలో రాశాను: బతిమాలు, దెప్పు, ఆపు. ('కోపంగా' అని రాసుకుంటే వచ్చేది అరుపే.) తర్వాత స్క్రిప్టు మూసేసి, అదే వరసలో అంతా సొంత మాటల్లో చెప్పాను. తెగే చోటు అప్పుడు దొరికింది. "వెళ్లిపో" అన్నవాడు వెంటనే "ఒక్క మాట విను" ఎందుకంటాడో నా దగ్గర కారణమే లేదు. ఎదుటి మనిషి నిజంగానే తలుపు వైపు కదిలినట్టు ఊహించుకున్నాక మాట దానంతటదే వచ్చింది. ఆ తర్వాతే అసలు డైలాగులు కంఠస్థం చేశాను.

వచనానికి పనిచేసింది. పద్యాలుంటే ఇంత అవసరం పడకపోవచ్చు, అక్కడ ఛందస్సే సగం గుర్తుచేస్తుంది.