డొమైన్ పేరు: ఎంపిక నుంచి రెన్యువల్ దాకా

సైటుకు అడ్రసుగా ఉండే డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. డాట్ కామ్ లాంటివాటిని ఏడాది నుంచి పదేళ్ల దాకా గడువు పెట్టి తీసుకుంటాం, గడువు తీరేలోగా మళ్లీ డబ్బు కట్టి నిలబెట్టుకుంటాం. కాబట్టి మంచి పేరు దొరికితే సగం పనే అయినట్టు. అది ఎవరి ఖాతాలో, ఏ ఈమెయిలు కింద ఉందన్నదే మిగతా సగం.

పేరుకు ఒకటే గట్టి పరీక్ష. ఫోన్లో చెబితే విన్నవాళ్లు మళ్లీ అడగకుండా టైపు చేయగలగాలి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేటప్పుడు ఇక్కడే చిక్కొస్తుంది. ‘వాణి’కి ‘ఎ’ ఒకటా రెండా, ‘లక్ష్మి’లో ‘ఎక్స్’ ఉందా లేదా అన్న సందేహం ప్రతివాళ్లకూ కలుగుతుంది. అలాంటి మాటే కావాలంటే రెండు స్పెల్లింగులూ రిజిస్టర్ చేసి, ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. చుక్కకు ముందుండే భాగం 63 అక్షరాల దాకా ఉండొచ్చు, హైఫన్ మొదట్లో గానీ చివర్లో గానీ రాకూడదు. నిజానికి హైఫన్లు, అంకెలు అసలు లేకపోతేనే మేలు, నోటితో చెప్పేటప్పుడు అవే జారిపోతాయి. పదాలన్నీ కలిపి చిన్న అక్షరాల్లో రాసి చూడండి, వేరే అర్థం వచ్చేలా విడిపోతుందేమో తెలుస్తుంది.

తెలుగు లిపిలో పేరు తీసుకునే వీలు కొన్ని ఎక్స్‌టెన్షన్ల (చివరి చుక్క తర్వాత వచ్చే భాగం) కింద ఉంది. సైటు బాగానే తెరుచుకుంటుంది గానీ, ఆ పేరుతో ఈమెయిలు అడ్రసు పెడితే చాలా ఫారాలు ఒప్పుకోవు. దాన్ని రెండో పేరుగా ఉంచుకోవడం మంచిది.

ఖాళీగా కనబడిన పేరు వివాదం లేనిదని కాదు. ఇంకొకరి ట్రేడ్‌మార్కును పోలిన పేరును దురుద్దేశంతో తీసుకున్నారని తేలితే, డొమైన్ వివాదాలు తేల్చడానికి 1999 నుంచి అమల్లో ఉన్న యూడీఆర్‌పీ విధానం కింద అది చేజారుతుంది. ట్రేడ్‌మార్కు రిజిస్టర్‌లో ఒకసారి వెతకండి. సైట్ల పాత పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు పాత చరిత్ర కూడా చూడండి. గతంలో దాన్ని స్పామ్‌కు వాడి ఉంటే మీ మెయిళ్లూ అనుమానంలో పడొచ్చు.

రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు దాదాపు అన్నీ ఏదో ఒక దేశానికో ప్రాంతానికో చెందినవి, వాటి నియమాలు వాటివే. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చాక, అర్హత నిలుపుకోలేని బ్రిటన్ వాళ్ల డాట్ ఈయూ పేర్లు 2021లో పనిచేయడం ఆగిపోయాయి. డాట్ యాప్, డాట్ డెవ్ తీసుకుంటే బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత కనెక్షన్ మీదే తెరుస్తాయి, దానికి కావలసిన సర్టిఫికెట్ పెట్టేదాకా సైటు కనబడదు. ఏదైనా సరే, మొదటి ఏడాది ధర కాకుండా రెన్యువల్ ధర చూసి నిర్ణయించుకోండి.

పేర్లు రిజిస్టర్ చేసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. దానికి డొమైన్ వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ ఐకాన్ గుర్తింపు ఉందో లేదో ఐకాన్ సైటులోని జాబితాలో చూడండి. కార్ట్‌లో పేరు వేశాక హోస్టింగ్ (సైటు ఫైళ్లకు చోటు), సర్టిఫికెట్ లాంటివి ముందే టిక్ చేసి ఉంటే తీసేయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తుంది. మీ వివరాలు బయటివాళ్లకు కనబడకుండా చేసే ప్రైవసీ మాత్రం ఉంచండి. డబ్బు కట్టేముందు స్పెల్లింగు అక్షరం అక్షరం చదవండి, రిజిస్టరయ్యాక దాన్ని దిద్దడం కుదరదు.

రిజిస్ట్రెంట్ (పేరు హక్కుదారు) అన్న చోట మీ పేరు లేదా మీ సంస్థ పేరే ఉండాలి. సైటు కట్టేవాళ్లు తమ ఖాతాలో తీసుకుంటామంటే ఒప్పుకోవద్దు, రికార్డు ప్రకారం హక్కుదారు వాళ్లే అవుతారు. ఇచ్చే ఈమెయిలు ఆ డొమైన్ మీదే ఉండకూడదు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు మీకు చేరదు. వెరిఫికేషన్ మెయిలు వస్తే అందులోని లింకును 15 రోజుల్లో నొక్కాలి, లేదంటే పేరును నిలిపేయొచ్చు. రెండంచెల లాగిన్, పేరును వేరే రిజిస్ట్రార్‌కు తరలించకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్, ఆటో రెన్యువల్ అదే రోజు పెట్టేయండి.

సైటును కలిపేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. హోస్టింగ్ వాళ్లు చెప్పారని, డొమైన్ రికార్డులన్నీ ఉండే నేమ్ సర్వర్లు మార్చేస్తారు, మెయిలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాతచోట ఉన్నవి కొత్తచోట ఉండవు, మెయిళ్లు ఆగిపోతాయి. ముందు పాత రికార్డులన్నీ రాసుకుని కొత్తచోట ఎక్కించి, ఆ తర్వాతే మార్చండి. సైటు ఒక్కటే మారాలంటే, సైటు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ‘ఎ’ రికార్డు మారిస్తే చాలు. డాట్ కామ్‌లో నేమ్ సర్వర్ వివరాల టీటీఎల్ (పాత సమాచారాన్ని దాచి వాడుకునే గడువు) 48 గంటలు, కాబట్టి అంతసేపు కొందరికి పాత సైటే కనబడొచ్చు.

గడువు తీరితే డాట్ కామ్ లాంటివాటికి 45 రోజుల దాకా మామూలు రెన్యువల్‌కు వీలుండొచ్చు. ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ చేతిలో ఉంటుంది, సైటు ఈలోపే ఆగుతుంది. పేరును రిజిస్ట్రార్ డిలీట్ చేశాక 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే గడువు) ఉంటుంది, అందులో తిరిగి తీసుకోవడానికి అదనపు ఫీజు బాగా పడుతుంది. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆపైన ఎవరైనా తీసుకోవచ్చు. దేశాల ఎక్స్‌టెన్షన్లకు ఈ లెక్క వేరు. కార్డు గడువు తీరడం వల్ల కూడా ఆటో రెన్యువల్ విఫలమవుతుంటుంది, కార్డు మారినప్పుడల్లా ఖాతాలోనూ మార్చండి. ‘వెంటనే రెన్యువల్ చేయకపోతే పోతుంది’ అంటూ తెలియని కంపెనీల నుంచి వచ్చే మెయిళ్లలో లింకు నొక్కకుండా, మీ రిజిస్ట్రార్ ఖాతాలోకి నేరుగా వెళ్లి తేదీ చూసుకోండి.