దిశాత్మక స్పీకరు – మూడో పాఠం: గాలిలోనే పుట్టే ధ్వని

ధ్వనిని ఒకే దిక్కుకు పంపే దిశాత్మక స్పీకరు కోసం, గత పాఠంలో 40 కిలోహెర్ట్జ్ పీజో బిళ్ళలను (విద్యుత్తు ఇస్తే కంపించే బిళ్ళలను) 20 సెంటీమీటర్ల వెడల్పు గల పలకపై అమర్చి, అన్నీ ఒకే దశలో కంపించేలా కలుపుకున్నాం. పలక నుంచి వెలువడేది చెవికి అందని అతిధ్వనే అయినా, ఎదుట నిలబడిన మనిషికి మాట ఎలా వినిపిస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కనుక, 1000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. అది పలక కంటే పెద్దది కాబట్టి నలుదిక్కులా పరుచుకుంటుంది. 40 కిలోహెర్ట్జ్ వద్ద అది 8.5 మిల్లీమీటర్లే కావడంతో, ముఖ్య పుంజం నడిమి గీతకు ఇరువైపులా సుమారు 3 డిగ్రీలలోపే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 40, 41 కిలోహెర్ట్జ్ తరంగాలు కలిస్తే ఏర్పడే విస్పందనాలే (మొత్తం తరంగం ఉబ్బి తగ్గడాలే) 1 కిలోహెర్ట్జ్ ధ్వనిగా వినిపిస్తాయని అనుకుంటారు. ఆసిలోస్కోపు తెరపై ఆ మొత్తాన్ని శ్రద్ధగా చూడండి: తరంగం ఉబ్బుతూ సన్నబడుతూ ఉంటుంది గాని, ఉబ్బిన చోట గీతకు పైన ఎంత ఉందో కిందా అంతే ఉంటుంది. సగటు సున్నా. కేవలం కూడిక వల్ల 1 కిలోహెర్ట్జ్ పుట్టదు.

ఆ సమతూకాన్ని చెరిపేది గాలే. అతిధ్వని చాలా తీవ్రంగా ఉన్నప్పుడు సంపీడనాలు విరళీకరణాల కంటే ఒకింత వేగంగా సాగుతాయి. దాంతో తరంగం రూపు మారి, రెండింటి తేడా పౌనఃపున్యం పుంజం పొడవునా పుడుతుంది. పుంజంలోని ప్రతి గాలి పొరా ఒక చిన్న స్పీకరవుతుంది. ఆ ధ్వనులు అతిధ్వనితో సమాన వేగంతో నడుస్తాయి కనుక ముందువైపే ఒకదానికొకటి బలమిస్తాయి. వెస్టర్‌వెల్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త 1963లో వివరించిన పారామెట్రిక్ అర్రే ఇదే. గాలిలో దీనితో స్పీకరు చేసి చూపిన యొనెయామా బృందం పత్రం 1983లో వెలువడింది.

బెర్క్‌టే అనే పరిశోధకుడు 1965లో ఇచ్చిన సూత్రం మన పనికి ఆయువుపట్టు. తరంగ శిఖరాలను కలిపే గీత ఎన్వలప్. వినిపించే పీడనం ఆ ఎన్వలప్ వర్గానికి కాలంతో తీసిన రెండో అవకలనానికి అనుపాతంలో ఉంటుంది. వర్గం వల్ల వికృతి వస్తుంది, అంటే మాట రూపు చెడుతుంది కనుక, మాట సంకేతానికి స్థిరాంకం కలిపి, వర్గమూలం తీసి, దానితో అతిధ్వనిని మాడ్యులేట్ చేయాలి, అంటే దాని ఎన్వలప్‌ను ఆ విలువ ప్రకారం మార్చాలి. రెండో అవకలనం వల్ల పౌనఃపున్యం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 12 డెసిబెల్‌లు పెరుగుతుంది. అందుకే ఇందులో మాట స్పష్టంగా పలుకుతుంది గాని మృదంగం తొప్పి నాదం దాదాపు వినిపించదు. ఈ స్పీకరును సంగీతానికి వాడమని నేను చెప్పను.

అభ్యాసం: ఒకే మాడ్యులేషన్ లోతుతో (ఎన్వలప్ హెచ్చుతగ్గుల మేర ఒకటే ఉండేలా) 250, 1000 హెర్ట్జ్ స్వరాలను పంపితే రెండింటి మధ్య తేడా ఎన్ని డెసిబెల్‌లో లెక్కించండి. ఆపై పలకను నునుపైన గోడవైపు తిప్పి, ధ్వని ఎటునుంచి వస్తున్నట్టు ఉందో రాసుకోండి. పలకకు చెవి ఆనించవద్దు.