కాలు పెట్టి కూర్చునే గాబు: ఇంట్లో హాట్ టబ్ నిర్వహణ

మా చిన్నతనంలో విజయనగరం పక్క పల్లెల్లో పెరటి గాబులోని నీళ్లను చెంబుతో ముంచుకుని పోసుకునేవాళ్లమే తప్ప, అందులో కాలు పెట్టే సాహసం ఎవరూ చేసేవారు కాదు. ఏ పిల్లవాడైనా సరదాకి దిగితే గాబంతా తోడించి, పీచుతో తోమించి, మళ్లీ నింపించిన తరువాతే పెద్దవాళ్లు శాంతించేవారు. హాట్ టబ్ అంటే సరిగ్గా ఆ దిగకూడని గాబులో నలుగురు దిగి కూర్చోవడమే. పైగా ఆ నీటిని ఏ రోజుకారోజు పారబోయరు, వారాల తరబడి అదే నీరు వేడిగా తిరుగుతూ ఉంటుంది. కనుక దీని నిర్వహణ అంటే యంత్రం సంగతి కొంత, నీటి సంగతి చాలా.

ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. మాకు టబ్ అమ్మిన దుకాణం వారు మేడ మీద పెట్టుకుంటే చల్లగాలి వస్తుందని నిశ్చింతగా చెప్పారు. నీళ్లు 75 సెంటీమీటర్ల లోతు ఉన్నాయంటే ఒక్కో చదరపు మీటరు మీద 750 కిలోల బరువు పడుతుంది, అది కూడా మనుషులు దిగకముందు. ఇళ్ల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువుకే లెక్క వేస్తారు. ఇంజినీరు స్లాబు లెక్క చూసి సరేననే వరకు మేడ ఆలోచన మానుకుని, పెరట్లో గట్టి కాంక్రీటు అరుగు మీద పెట్టుకోవడమే మంచిది. గీజరు కోసం లాగిన తీగ దీనికి చాలదు. విడి లైను, మంచి ఎర్తింగ్, కరెంటు దారితప్పి లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండి తీరాలి. తడి ఒంటితో కూర్చునే చోట కరెంటు విషయంలో పొదుపు పనికిరాదు.

మా టబ్బులో 1200 లీటర్లు పడతాయి. తొలిసారి బోరు నీటితో నింపి క్లోరిన్ వేయగానే, తేటగా ఉన్న నీరు కళ్లముందే పలచని టీ రంగుకు తిరిగింది. నీటిలో కరిగి ఉన్న ఇనుము క్లోరిన్ తగిలి తుప్పుగా మారడం వల్ల అలా జరుగుతుంది. బోరు నీరు మరీ గట్టిదైతే హీటరు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, ఉప్పదనం ఉంటే లోహ భాగాలను తినేస్తుంది. అందువల్ల నింపేటప్పుడే గొట్టం చివర ఫిల్టరు బిగించుకోవడం, వీలైతే సగమైనా మెత్తని నీరు కలపడం మేలు. కాఠిన్యం 150 నుంచి 250 పీపీఎం (లీటరు నీటికి అన్ని మిల్లీగ్రాములు) మధ్య ఉంటే చాలు.

ఇక రోజువారీ పని. టెస్ట్ స్ట్రిప్పును నీటిలో ముంచి తీసి, డబ్బా మీది రంగులతో పోల్చి చూడాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య, క్షారత్వం (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) 80 నుంచి 120 పీపీఎం మధ్య, క్లోరిన్ 3 పీపీఎంకు తగ్గకుండా ఉండాలి. క్లోరిన్‌కు బదులు బ్రోమిన్ వాడేవారు 4 నుంచి 8 పీపీఎం వరకు ఉంచాలి. వేడి నీటిలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి నిన్న సరిగ్గా ఉంది కదా అని ఈ రోజు ఊరుకోకూడదు. క్షారత్వం తగ్గితే వంటసోడాయే మందు: 1200 లీటర్లలో 20 గ్రాములు వేస్తే సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. టబ్బులోకి నీటిని జోరుగా చిమ్మే జెట్లు గాలిని కలిపి చిలికే కొద్దీ పీహెచ్ పైకి పోతూ ఉంటుంది, 8 దాటితే క్లోరిన్ ఉన్నా దాని పస చాలావరకు తగ్గిపోతుంది. అప్పుడు సోడియం బైసల్ఫేట్ అనే ఆమ్లపు పొడి కొద్దికొద్దిగా వేసి దించాలి.

క్లోరిన్ కోసం డైక్లోర్ అనే గుళికల పొడి వాడటం సులభం. అది 56 శాతం రకమైతే 1200 లీటర్లకు దాదాపు 6 గ్రాములు వేస్తే 3 పీపీఎం పెరుగుతుంది. మనకు బాగా తెలిసిన బ్లీచింగ్ పౌడర్ నూతికి మంచిదే గానీ టబ్బుకు కాదు, దానిలోని సున్నం అడుగున చేరి, పెచ్చు కట్టి, ఫిల్టరును మూసేస్తుంది. ఏ పొడినైనా నీటిలోనే వేయాలి గానీ పొడి మీద నీళ్లు పోయకూడదు. రెండు రకాల క్లోరిన్లను ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలపకూడదు, వాటికి మంట పుట్టి పేలే గుణం ఉంది. రసాయనం వేసిన తరువాత జెట్లు నడిపి, మూత ఇరవై నిమిషాలైనా తీసి ఉంచాలి.

ఇంత జాగ్రత్తగా ఉన్న నీటిని పాడుచేసేది మాత్రం మన ఒళ్లే. మూడేళ్ల క్రితం భోగి నాడు, మంట దగ్గర చలి కాచుకున్న బంధువులు ఐదుగురు, నువ్వులనూనె పట్టించి నలుగు పెట్టుకున్న ఒంటితోనే, నేను వీధిలో ఉండగా టబ్బులో దిగేశారు. తలంటుకు ఇంతకన్నా మంచి చోటేదన్నది వారి వాదన. అరగంటకల్లా నురుగు అంచు దాటింది, నీటిమట్టం వెంట వేలితో గీస్తే ఊడివచ్చే జిడ్డు వలయం ఏర్పడింది. మర్నాడు ఫిల్టరు తీస్తే మడతల నిండా శనగపిండి ముద్ద. కనుమ నాడు మొత్తం నీరు వదిలేశాను. అప్పటినుంచి మా ఇంట ఒకటే నియమం: ముందు సబ్బుతో స్నానం, శుభ్రంగా కడుక్కోవడం, ఆ తరువాతే టబ్బు. నూనె, పసుపు, పౌడరు, సబ్బుతో ఉతికి సరిగా జాడించని బట్టలు, ఇవేవీ లోపలికి రాకూడదు.

ఫిల్టరును వారానికోసారి తీసి, మడతల మధ్య గొట్టంతో నీరు పట్టి కడగాలి. నెలకోసారి దానికని అమ్మే ద్రావణంలో రాత్రంతా నానబెట్టాలి. రెండు ఫిల్టర్లు ఉంచుకుని మార్చి మార్చి వాడితే ఆరబెట్టే తీరిక దొరుకుతుంది. నీరు ఎప్పుడు మార్చాలన్నదానికి ఒక లెక్క ఉంది: లీటర్లను 11తో, వచ్చినదాన్ని రోజూ దిగేవారి సంఖ్యతో భాగిస్తే రోజులు వస్తాయి. మా 1200 లీటర్లకు ఇద్దరైతే యాభై రోజుల పైచిలుకు. వదిలే ముందు గొట్టాల లోపలి పాచిని వదలగొట్టే మందు వేసి జెట్లు నడపాలి, లేకుంటే కొత్త నీటిలోనూ పాత మురికే తిరుగుతుంది. క్లోరిన్ సున్నాకు వచ్చేదాకా ఒకటి రెండు రోజులు మూత తీసి ఉంచి, ఆ మందు వేయకముందే కొంత నీరు తోడి కొబ్బరి చెట్ల పాదుల్లో పోయవచ్చు.

25 డిగ్రీల నీటిని 38కి తేవాలంటే 1200 లీటర్లకు దాదాపు 18 యూనిట్లు అవుతాయి. 3 కిలోవాట్ల హీటరుకు ఆరు గంటల పని. ఆ వేడిలో ఎక్కువ భాగం నీటిపై నుంచి ఆవిరిగా పోతుంది గనుక దళసరి మూతే మన కరెంటు బిల్లుకు కాపలా. దోమలకూ, చిన్నపిల్లలకూ అడ్డం అదే. తాళం వేసే పట్టీలు ఉన్న మూతను ఎంచుకోవాలి.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నీరు వదిలేయడం పొరపాటు, ఆ బరువే టబ్బును కదలకుండా పట్టి ఉంచుతుంది. మెయిన్ ఆపి, మూతను తాళ్లతో బిగించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటాక చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతసేపు నిలిచిన గోరువెచ్చని నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాబట్టి రోజూ చేత్తో కొలిచి క్లోరిన్ వేసి, శుభ్రమైన కర్రతో కలియబెట్టాలి. వాసన వస్తే మొహమాటం లేకుండా వదిలేయాలి.

దిగి కూర్చోవడానికి ధనుర్మాసపు సాయంత్రాలే సొగసు. 38 డిగ్రీలు హాయిగా ఉంటుంది, 40 దాటనివ్వకూడదు, పదిహేను నిమిషాలు చాలు. తల ముంచకూడదు, జుట్టు ముడివేసుకోవాలి, లేచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా అంచు మీద కాసేపు కూర్చుని లేవాలి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు వైద్యుణ్ణి అడగకుండా దిగరాదు. ఐదేళ్లలోపు పిల్లలకు ఇది వద్దు, మద్యం పుచ్చుకున్నవారికి అసలే వద్దు.

వైశాఖంలో దీన్ని మూలన పడేయనక్కరలేదు. హీటరు ఆపి, పగలు టబ్బు మీద పందిరి నీడ పడేలా చూసి, రాత్రి మూత కొద్దిగా తెరిచి, సన్నని దోమతెర కప్పితే నీరు చల్లబడుతుంది. అయితే పంపు నడిచినా నీరు కొంత వేడెక్కుతుంది కనుక, వడపోత సమయాన్ని తెల్లవారుజాముకు మార్చుకోవాలి. చల్లని నీరే కదా అని క్లోరిన్ మానకూడదు. మా ఇంట్లో మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, ముంజెల గిన్నె అంచున పెట్టుకుని, మెడదాకా ఆ నీటిలో కూర్చునే వంతు కోసం పోటీ పడతారు.