అమలాపురం నుంచే హ్యూగో ఓటు

కోనసీమలో సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక చిట్కా. ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం వరల్డ్‌కాన్ ఎక్కువగా అమెరికాలోనో యూరప్‌లోనో జరుగుతుంది. వీసా, విమానం ఖర్చులు లెక్కేస్తే కొబ్బరికాయ ధర ఎంత పెరిగినా సరిపోదు. కానీ ఆ ఏడాది వరల్డ్‌కాన్ దగ్గర డబ్ల్యూఎస్‌ఎఫ్‌ఎస్ (వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ) సభ్యత్వం ఒక్కటి కొనుక్కుంటే, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే, 1953లో మొదలైన హ్యూగో అవార్డులకు అమలాపురంలో కూర్చునే ఓటు వేయొచ్చు.

జనవరి 31లోపే కొనండి. ఆ ఏడాది నామినేషన్ (పోటీకి రచనల్ని సూచించడం), తుది ఓటు రెండూ దక్కుతాయి. మరుసటి ఏడాది నామినేషన్ హక్కు కూడా కలిసొస్తుంది.

నా దృష్టిలో అసలు లాభం ఓటర్ ప్యాకెట్. తుది జాబితాలోని నవలలు, కథలు చాలావరకు ఈ-పుస్తకాలుగా అందులో ఉంటాయి, కొన్నిటికి భాగాలే ఇస్తారు. తప్పకుండా ఇవ్వాలన్న నియమం లేదు గానీ, చాలా ఏళ్లుగా ఇస్తూనే ఉన్నారు. రాగానే ఫోన్‌లోకి దించేసుకోండి. ఓటింగ్ చాలాసార్లు జులైలోనే ముగుస్తుంది, మన లంకల్లో వరద టెన్షనూ అప్పుడే మొదలవుతుంది. కరెంటు, నెట్ పోయినా చదువు ఆగదు.

అన్నట్టు, డబ్బు కట్టే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి. మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి.