గ్రాఫ్ తప్పు చోట పడుతోందా? బ్రాకెట్ లోపల వెతకండి

ట్యూషన్‌లో పేపర్లు దిద్దుతుంటే ఏటా ఇదే వరస. వై = √ఎక్స్ గ్రాఫ్‌ను నిద్రలో లేపి అడిగినా గీస్తారు. దాన్నే కాస్త జరిపి, నొక్కి, తిప్పి ఇస్తే మాత్రం ఆకారం వస్తుంది గానీ, పడాల్సిన చోట పడదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. గీసిన గ్రాఫ్ మీద ఒక బిందువు తీసుకుని, దాని ఎక్స్ విలువను ప్రశ్నలో ఇచ్చిన సమీకరణంలో వేయండి. గ్రాఫ్ మీదున్న వై వస్తే సరే, రాకపోతే గ్రాఫ్ తప్పు. అర నిమిషం పని. "సార్, ఇది కరెక్టేనా?" అని నోట్‌బుక్ పట్టుకొచ్చిన ప్రతివాళ్లనూ "బిందువు వేసి చూశావా?" అని అడుగుతాను. చూసి ఉండరు. ఆన్సర్ కీ కోసం వెనక పేజీలు తిప్పడానికి మాత్రం బోలెడంత ఓపిక ఉంటుంది.

ఆ పరీక్షలో గ్రాఫ్ ఫెయిలైతే ఎక్కడ వెతకాలో కింద రాస్తున్నాను. బిందువులు గుర్తించడం, √ఎక్స్, ఎక్స్², సైన్ ఎక్స్ లాంటి మామూలు గ్రాఫులు గీయడం వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: కుడికి జరగాల్సింది ఎడమకు పోయింది

కారణం: ఎఫ్(ఎక్స్) అంటే మొదట ఉన్న మామూలు గ్రాఫ్ అనుకోండి. ఎఫ్(ఎక్స్ − 3)లో మైనస్ చూడగానే చెయ్యి ఎడమకు పోతుంది. కానీ గ్రాఫ్ కుడికి జరగాలి.

రైలు మూడు గంటలు ఆలస్యంగా నడుస్తోందనుకోండి. ఇప్పుడు అది ఎక్కడుందో తెలియాలంటే టైంటేబుల్‌లో మూడు గంటల వెనక్కి చూడాలి. ఇప్పటి టైమ్ టీ అయితే, అదే "టీ − 3". కానీ 8 గంటలకు రావాల్సిన రైలు మీ స్టేషన్‌కు వచ్చేది 11కి. గడియారం మీద అన్నీ 3 ముందుకు జరిగాయి. బ్రాకెట్ లోపలి మైనస్ చేసేది కూడా అంతే.

పరిష్కారం: బ్రాకెట్‌ను సున్నా చేసే ఎక్స్ ఎంతో చూడండి. ఎక్స్ − 3 = 0 అయితే ఎక్స్ = 3. పాత గ్రాఫ్‌లో సున్నా దగ్గర ఉన్నది ఇప్పుడు 3 దగ్గరకు వస్తుంది.

సమస్య: సాగాల్సింది కుంచించుకుపోయింది

ఎఫ్(2ఎక్స్) అంటే అడ్డంగా రెట్టింపు కాదు, సగం. పది నిమిషాల వీడియోను రెండింతల స్పీడులో పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది కదా, అలాగే. బయట ఉన్న 2, అంటే 2ఎఫ్(ఎక్స్), నిలువుగా నిజంగానే రెట్టింపు చేస్తుంది. బ్రాకెట్ బయటిది మాట మీద నిలబడుతుంది, లోపలిదే తిరకాసు.

సమస్య: ఆకారం సరే, దిశ సరే, చోటు మాత్రం తప్పు

అసలు దొంగ ఇదే. నన్ను కూడా ముంచింది.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటర్ బ్యాచ్‌కి బోర్డు మీద వై = √(6 − 2ఎక్స్) గీస్తున్నాను. ముందు √ఎక్స్ గీశాను. 2 ఉంది కాబట్టి అడ్డంగా సగానికి నొక్కాను. మైనస్ ఉంది కాబట్టి వై-అక్షానికి అటువైపు తిప్పాను. ఇక మిగిలింది 6. కుడికి ఆరు గళ్లు జరిపి, (6, 0) దగ్గర చుక్క పెట్టి, చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "సార్, ఎక్స్ దగ్గర 6 వేస్తే రూట్ లోపల మైనస్ 6 వస్తోంది కదా" అంది. బిందువు వేసి చూడమని రోజూ చెప్పేది నేను, ఆ రోజు చూసింది ఆ అమ్మాయి.

మూడు పనుల్లో ఏదీ దానికదిగా తప్పు కాదు. తప్పంతా చేసిన వరసలో ఉంది. నొక్కి, తిప్పాక నా చేతిలో ఉన్నది √(−2ఎక్స్). దాన్ని ఆరు కుడికి జరపడమంటే ఎక్స్ ఉన్నచోట ఎక్స్ − 6 రాయడం. రాసి చూడండి: √(−2(ఎక్స్ − 6)), అంటే √(12 − 2ఎక్స్). కావాల్సింది 6, వచ్చింది 12. జరపడం ఎప్పుడూ ఒక్క ఎక్స్‌కే తగులుతుంది, బ్రాకెట్ మొత్తానికి కాదు. ఆ ఎక్స్‌కు ముందే 2 అంటుకుని ఉంటే, మీరు జరిపిన దూరం కూడా ఆ 2తో గుణింపబడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. నేను పిల్లలతో చేయించేది మొదటిది: గుణకాన్ని బయటకు తీయడం. 6 − 2ఎక్స్‌ను −2(ఎక్స్ − 3) అని రాయండి. ఇప్పుడు నొక్కండి, తిప్పండి, చివర్లో కుడికి 3 జరపండి. గ్రాఫ్ (3, 0) దగ్గర మొదలై ఎడమకు పోతుంది. పరీక్షించండి: ఎక్స్ = 1 అయితే √4, అంటే 2. ఎక్స్ = −1.5 అయితే √9, అంటే 3. సరిపోయింది.

రెండో దారిలో గుణకం బయటకు తీయక్కర్లేదు గానీ, జరపడం ముందు చేయాలి. √ఎక్స్‌ను ఎడమకు 6 జరిపితే √(ఎక్స్ + 6). ఎక్స్ బదులు 2ఎక్స్ పెట్టి సగానికి నొక్కితే √(2ఎక్స్ + 6). ఎక్స్ బదులు −ఎక్స్ పెట్టి తిప్పితే √(6 − 2ఎక్స్). మొదలు బిందువు ఒక్కదాన్నే వెంబడించండి: 0 నుంచి −6, సగమై −3, తిరగబడి 3. మళ్లీ అదే (3, 0). రెండు దారులూ మంచివే, సగం ఇదీ సగం అదీ కలిపితేనే నాలా 6 దగ్గర తేలతారు.

ఈ దొంగ త్రికోణమితిలో ఇంకా తరచుగా దొరుకుతాడు. సైన్(2ఎక్స్ − 60°) ఎంత జరిగింది అంటే క్లాసు మొత్తం "60" అంటుంది. కాదు, 30. బ్రాకెట్‌ను సున్నా చేయండి, 2ఎక్స్ = 60°, ఎక్స్ = 30°. ఫిజిక్స్‌లో తరంగాల లెక్కల్లో ఫేజ్ కోణాన్నే కాలంలో తేడా అనుకుని మార్కులు పోగొట్టుకునేది కూడా ఇక్కడే.

ఈ తప్పు ఇన్నాళ్లు దాక్కోవడానికి ఇంకో కారణం, మనం ప్రాక్టీసుకు ఎంచుకునే గ్రాఫులు. చాలామంది ఎక్స్² ఒక్కదానితోనే సాధన చేస్తారు. (3 − ఎక్స్)², (ఎక్స్ − 3)² రెండూ ఒకటే కాబట్టి, తిప్పడం మరిచిపోయినా ఆ గ్రాఫ్ మిమ్మల్ని పట్టివ్వదు. (2ఎక్స్)² అంటే 4ఎక్స్², కాబట్టి అడ్డంగా సగానికి నొక్కారో, నిలువుగా నాలుగింతలు లాగారో చూసి చెప్పలేం. వై = ఎక్స్ అయితే మరీ అన్యాయం: ఎడమకు 3 జరిపినా, పైకి 3 జరిపినా అదే గీత. అందుకే √ఎక్స్‌తో సాధన చేయండి. (0, 0), (1, 1), (4, 2) అనే మూడు బిందువులు చాలు. అది ఒకవైపే ఉన్న గ్రాఫ్ కాబట్టి తిప్పినా, జరిపినా ఇట్టే తేడా తెలుస్తుంది.

బయటి వరసలో ఈ గొడవ లేదు. 2ఎఫ్(ఎక్స్) + 3 అంటే చదివినట్టే చేయండి: ముందు రెట్టింపు, తర్వాత పైకి 3.

సమస్య: మైనస్ పెట్టాక తప్పు వైపు తిరిగింది

−ఎఫ్(ఎక్స్) తలకిందులు చేస్తుంది, ఎఫ్(−ఎక్స్) కుడి ఎడమలు మారుస్తుంది. మైనస్ బయట ఉంటే వై మారుతుంది, లోపల ఉంటే ఎక్స్ మారుతుంది. అంతే.

సమస్య: మాడ్యులస్ (మైనస్‌ను ప్లస్ చేసే | | గుర్తు) వచ్చేసరికి గందరగోళం

|ఎఫ్(ఎక్స్)| అయితే ఎక్స్-అక్షం కిందున్న ముక్కను పైకి మడవండి. ఎఫ్(|ఎక్స్|) అయితే ఎడమ సగం మొత్తం చెరిపేసి, కుడి సగాన్నే అద్దంలో చూపినట్టు ఎడమవైపు గీయండి. రెండోదాంట్లో పాత ఎడమ సగాన్ని చెరపకుండా ఉంచేసేవాళ్లే ఎక్కువ.

సమస్య: ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో అక్షాల పరివర్తన చదివాక గుర్తులన్నీ తారుమారయ్యాయి

అక్కడ మూలబిందువును (3, 2)కు మారిస్తే పాత ఎక్స్ బదులు కొత్త ఎక్స్ + 3 పెడతాం, ఇక్కడ కుడికి 3 జరపడానికి ఎక్స్ − 3 పెడతాం. రెండూ కరెక్టే. అక్కడ గ్రాఫ్ కదలదు, అక్షాలే కుడికి పోతాయి. రైల్లో కూర్చుంటే చెట్లు వెనక్కి పోయినట్టు, కొత్త అక్షాల నుంచి చూస్తే గ్రాఫ్ ఎడమకు జరిగినట్టు ఉంటుంది. ప్రశ్నలో కదిలేది ఏదో చదివి, ఆ తర్వాత పెన్ను పెట్టండి.

మిగతావి

ఫోన్‌లో జియోజీబ్రా, డెస్మోస్ లాంటి వాటిలో వేస్తే వేరే గ్రాఫ్ వచ్చిందంటారు కొందరు. బ్రాకెట్ మూయడం మరిచారేమో, డిగ్రీలకు బదులు రేడియన్లలో ఉందేమో చూసుకోండి. రెండు అక్షాలకూ వేర్వేరు స్కేలు తీసుకుంటే వాలు వేరుగా కనిపిస్తుంది, అది తప్పు కాదు. "టెక్స్ట్‌బుక్‌లోనే తప్పు పడింది సార్" అనేవాళ్లూ ఉంటారు. అప్పుడప్పుడూ నిజమే. ముందు బిందువు వేసి చూసి రండి, అప్పుడు మాట్లాడదాం.